వెనక బల్ల దాకా



ఒక పల్లెటూరి చర్చిని ఊహించుకోండి. ఆదివారం ఉదయం. ప్రార్థన మొదలు కావడానికి ఇంకా కాసేపు ఉంది. జనం ఒక్కొక్కరే వచ్చి ఎవరి బల్ల మీద వాళ్ళు కూర్చుంటున్నారు. అరవై ఆరేళ్ళ పెద్దాయన ఒకాయన తన చోట్లో కూర్చుని ఆ బల్లల వంక చూస్తున్నాడు. అక్కడ మనముంటే మనకు కనిపించేవి చెక్కబల్లలూ, వాటి మీద మనుషులూ. ఆయనకు మాత్రం ఒక్కో బల్ల వెనక ఒక ఇల్లు కనిపించింది. ఆ ఇంటి వెనక పొలం, ఆ పొలం వెనక మూడు నాలుగు తరాల తాతలు కనిపించారు. ఆయన కాగితం మీద ఆ చర్చి లోపలి పటం గీశాడు. ఏ బల్ల ఏ ఇంటిదో రాశాడు. ఆ తర్వాత ముందు వరుసలోని మొదటి బల్ల దగ్గర మొదలుపెట్టి, ఒక్క బల్లనైనా వదలకుండా, ఆ బల్ల మీద ఎవరు కూర్చునేవారు, వాళ్ళ ముందు ఎవరు, వాళ్ళు ఎలా బతికారు, ఎలా పోయారు అని రాసుకుంటూ వెనక బల్ల దాకా వెళ్ళాడు.

ఆయన పేరు రిచర్డ్ గాఫ్. కాలం 1701. ఆ రాతే ఇవాళ ఇంగ్లండులో ఊరి చరిత్ర రాసేవాళ్ళందరూ తలచుకునే పుస్తకమైంది. ఈ రోజు మీతో చెప్పాలనుకున్నది ఆ మనిషి గురించీ, ఆయన చేసిన పని గురించీ.

ఇంగ్లండుకు పడమటి పక్కన, వేల్స్ సరిహద్దును ఆనుకుని ష్రాప్‌షైర్ అనే జిల్లా ఉంది. దాని ముఖ్యపట్టణం ష్రూస్‌బరీ. అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 8 మైళ్ళు వెళితే మిడిల్ అనే ఊరు వస్తుంది. ఎర్రని ఇసుకరాతి గుట్ట, పాడుబడిన ఒక చిన్న కోట, సెయింట్ పీటర్ పేరున ఒక చర్చి. ఆ ఊళ్ళో ఏ రాజూ పుట్టలేదు, ఏ పెద్ద యుద్ధమూ జరగలేదు. చుట్టుపక్కల చిన్న చిన్న పల్లెలన్నీ కలిసి ఆ చర్చి కింద ఒక ప్యారిష్‌గా ఉండేవి. ప్యారిష్ అంటే కేవలం పూజకు సంబంధించిన ఏర్పాటు కాదు. పుట్టుక, పెళ్ళి, చావు నమోదు చేసేదీ, పేదవాళ్ళకు ఇంత తిండి చూసేదీ, దానికి ఊళ్ళో చందా పన్ను వసూలు చేసేదీ అదే. మనిషి ఏ ప్యారిష్‌కు చెందినవాడు అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో కూటికీ గుడ్డకీ సంబంధించినంత బరువు ఉండేది.

ఆ ప్యారిష్‌లోనే న్యూటన్ ఆన్ ద హిల్ అనే పల్లె. గాఫ్ కుటుంబం అక్కడి సొంత పొలమున్న రైతు కుటుంబం. తాతముత్తాతల్లో రిచర్డ్‌లు చాలామందే ఉన్నారు. మన రిచర్డ్ 1635లో పుట్టాడు. బడికి వెళ్ళాడు, లాటిన్ నేర్చుకున్నాడు. వయసులో ఉన్నప్పుడు స్టాన్‌వర్డీన్‌లో ఉండే రాబర్ట్ కార్బెట్ అనే పెద్దమనిషి దగ్గర గుమాస్తాగా పనిచేశాడు. కార్బెట్ మేజిస్ట్రేటు. కాబట్టి కౌలు పత్రాలు, దస్తావేజులు, వ్యాజ్యాల కాగితాలు రోజూ గాఫ్ చేతుల మీదుగా నడిచేవి. పాత తోలు కాగితం మీది రాత చదవడం, అందులో ఏ మాటకు ఎంత విలువో పట్టుకోవడం ఆయనకు అక్కడే అలవాటైంది. తర్వాత ఊళ్ళోనే వ్యవసాయం, పెళ్ళి, పిల్లలు. 1694లో భార్య జోన్ పోయింది. పిల్లల్లో కొందరిని కూడా ఆయన తన కళ్ళముందే పోగొట్టుకున్నాడు. ఆ ఒంటరితనంలో, 1700లో, కలం పట్టాడు.

మొదట రాసిన భాగం ఆ కాలపు పండితులు రాసే తీరులోనే ఉంటుంది. ప్యారిష్ హద్దులు ఎక్కడ, చెరువులు ఎన్ని, కోట ఎవరిది, చర్చికి పాదిరీలుగా ఎవరెవరు వచ్చారు. అందులోనూ ఆయన కన్ను చిన్న సంగతుల మీదే ఉంటుంది. చర్చి గోపురాన్ని 1634లో పునాది నుంచి కొత్తగా కట్టారని చెప్పి ఊరుకోడు. మేస్త్రీ పేరు జాన్ డాడ్ అనీ, పునాది అడుగు నుంచి పై అంచు దాకా గజానికి 5 పౌన్ల చొప్పున మాట్లాడుకున్నాడనీ కూడా చెబుతాడు. గోపురం కట్టించిన దొర పేరు ఎక్కడైనా దొరుకుతుంది. గజానికి ఇంతని బేరమాడిన మేస్త్రీ పేరు దొరకడం అరుదు.

అయినా, ఆ భాగంతో ఆగిపోయి ఉంటే గాఫ్‌ను ఇవాళ ఎవరూ తలుచుకునేవారు కాదు. ఆ మరుసటి ఏడాది, 1701లో, ఆయనకు బల్లల ఆలోచన వచ్చింది.

చర్చిలో బల్లలంటే ఏమిటో కాస్త చెప్పాలి. అప్పట్లో ఎవరికి నచ్చిన చోట వాళ్ళు కూర్చోవడానికి లేదు. ప్రతి బల్ల మీదా ఫలానా ఇంటికి, ఫలానా పొలానికి హక్కు ఉండేది. ముందు వరుసల్లో భూస్వాములు. వాళ్ళ వెనక పెద్ద రైతులు. ఆ వెనక చిన్న రైతులు, చేతిపనివాళ్ళు. చిట్టచివర, గోడ పక్కన, గుడిసెల్లో ఉండే కూలీజనం. మన ఊళ్ళలో రచ్చబండ దగ్గర ఎవరు అరుగు మీద కూర్చోవాలి, ఎవరు కింద నిలబడాలి అన్నది ఎవరూ చెప్పకుండానే అందరికీ ఎలా తెలిసి ఉండేదో, అక్కడ ఈ బల్లలూ అంతే. ఇల్లు అమ్మితే బల్ల కూడా చేతులు మారేది. ఆస్తి ఇద్దరు కూతుళ్ళకు పంచితే బల్లలో సగం సగం. ఇక తగువులు రాకుండా ఎలా ఉంటాయి? వచ్చేవి. తీర్చాలంటే పాత సంగతులు తెలిసిన ముసలివాళ్ళు కావాలి. ఆ ముసలివాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. ఊరి కాగితాలు చదివినవాడూ, ఊరి నోళ్ళు విన్నవాడూ తానే మిగిలాడు. బహుశా అందుకే ఈ పని తన మీద వేసుకున్నాడు.

అలా తగువులు తీర్చే లెక్కగా మొదలైన పని ఆయన చేతిలో మరొకటిగా మారిపోయింది. ఎందుకంటే ఫలానా బల్ల ఫలానా ఇంటిదని రాసేటప్పుడు ఆ ఇంటివాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. చెబితే తండ్రిని చెప్పాలి. తండ్రిని చెబితే ఆయన ఎందుకు అప్పులపాలయ్యాడో చెప్పాలి. కూతురు ఎవరిని చేసుకుందో, కొడుకు లండన్ వెళ్ళి ఏమయ్యాడో చెప్పాలి. ఇలా ఊరంతా వచ్చి ఆ పటంలో కూర్చుంది.

ఈ పద్ధతిలో ఒక గొప్పతనం ఉంది, గమనించండి. ఊరి చరిత్ర రాయబోయేవాడు మామూలుగా పెద్దవాళ్ళ దగ్గర మొదలుపెట్టి, కాస్త కిందికి దిగి, అలసిపోయి ఆగిపోతాడు. చిన్నవాళ్ళందరినీ కలిపి ఒక వాక్యంలో తేల్చేస్తాడు. బల్లల వరుస పట్టుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. ముందు బల్లకు ఎంత హక్కుందో వెనక బల్లకూ అంతే. వరుసలో ఖాళీ వదిలితే కనిపిస్తుంది. దొర ఇంటి తర్వాత రైతు ఇల్లు, రైతు తర్వాత కమ్మరి, దర్జీ, నేతగాడు, చివరికి గుహలో కాపురమున్నవాడు. అవును, గుహలోనే. హేర్‌మియర్ బీడు దగ్గర రాతిలో ఉన్న ఒక గుహను ఊరివాళ్ళు దయ్యాల బొరియ అని పిలిచేవారు. అందులో మనుషులు సంసారాలు చేశారు. వాళ్ళకూ గాఫ్ పుస్తకంలో చోటుంది.

ఇప్పుడు ఆయన కళ్ళతో ఒకటి రెండు దృశ్యాలు చూద్దాం.

1642లో ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. మొదటి చార్లెస్ రాజు సైన్యం కూర్చుకోవడానికి ష్రూస్‌బరీ వచ్చాడు. ఆ ప్రాంతంలో 16 ఏళ్ళ నుంచి 60 ఏళ్ళ దాకా ఉన్న మగవాళ్ళందరూ ఫలానా రోజున మిడిల్ గుట్ట మీదికి రావాలని తాఖీదు వచ్చింది. అప్పటికి తనకు 8 ఏళ్ళో 9 ఏళ్ళో అని గాఫ్ రాసుకున్నాడు. తిరనాళ్ళకు వెళ్ళినట్టు ఆ పిల్లాడూ చూడటానికి వెళ్ళాడు. గుట్ట మీద ఎక్కడ చూసినా మనుషులే. అన్నిటికంటే ఎత్తైన గట్టు మీద ఒకడు చేతిలో కాగితం పట్టుకుని నిలబడ్డాడు. అతని పక్కన మూడో నాలుగో బల్లేలు నేలలో గుచ్చి ఉన్నాయి. రాజు తరఫున సిపాయిగా వచ్చేవాడికి వారానికి 14 గ్రోట్ల జీతమని అతను చాటాడు. గ్రోట్ అంటే 4 పెన్నీల నాణెం. అంటే రోజుకు 8 పెన్నీలు. కూలికి పోయే కుర్రవాడికి అది ఆశపడాల్సిన డబ్బే.

రాజు ఎందుకు యుద్ధానికి దిగాడో, పార్లమెంటు ఏం కోరిందో పెద్ద చరిత్ర పుస్తకాల్లో వందల పేజీలున్నాయి. ఊరి కుర్రాళ్ళు ఎందుకు వెళ్ళారో తెలియాలంటే మాత్రం ఈ గట్టు, ఈ కాగితం, ఈ 14 గ్రోట్లు కావాలి. అవి గుర్తుపెట్టుకున్నది ఆ పిల్లాడు. దాదాపు అరవై ఏళ్ళ తర్వాత నిన్న చూసినట్టుగా రాసిపెట్టాడు.

ఆ తర్వాత ఆయన మరో పని చేశాడు. మిడిల్, మార్టన్, న్యూటన్ అనే మూడు పల్లెల నుంచి ఎంతమంది యుద్ధానికి వెళ్ళారో లెక్క చూశాడు. 20 మంది. వాళ్ళలో తిరిగి రానివాళ్ళు 13 మంది. ఆ పదమూడు మందినీ ఆయన అంకెగా వదల్లేదు, ఒక్కొక్కరి గురించీ విడిగా చెప్పాడు. ఒక కుర్రవాడు పెళ్ళికాని తల్లికి పుట్టి, ప్యారిష్ పెట్టిన కూడు తిని పెరిగినవాడు. కాస్త ఒళ్ళు రాగానే ష్రూస్‌బరీ వెళ్ళి సైన్యంలో చేరాడు. ఎడ్జ్‌హిల్ పోరు దాకా వెళ్ళాడు, ఆ తర్వాత అతని కబురు ఊరికి చేరలేదు. నేతగాడి సోదరుడు ఒకడు హాప్టన్ కోటలో చంపబడ్డాడు. అదే కోటలో జాన్ ఆర్థర్స్ అనేవాడూ పోయాడు. అతను ఎవరంటే, గాఫ్ తండ్రి దగ్గర పనిచేసిన పాలేరు. దయ్యాల బొరియ అనే ఆ గుహలో కాపురమున్న విలియం ప్రీస్, అతని ముగ్గురు కొడుకులూ రాజు సైన్యంలో చేరారు. ఆ కొడుకుల్లో ఇద్దరు హై ఎర్కాల్ దగ్గర చచ్చిపోయారు. మరొక ఇంటివాడు మంచి కుర్రవాడు, పైకి వస్తాడని అందరూ అనుకున్నవాడు. అతను ఏ చోట చనిపోయాడో తాను చెప్పలేనని గాఫ్ రాశాడు.

ఈ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తెలియనిచోట తెలియదని చెప్పడం చరిత్రకారుడికి పెద్ద గుణం. అంతకు మించి, ఆ కుర్రవాడు ఎక్కడ పడ్డాడో తెలియకపోయినా, పడ్డాడని మాత్రం ఊరు మరవకూడదని ఆయన పట్టుదల. ఇంత చెప్పాక ఒక లెక్క వేస్తాడు. ఈ మూడు చిన్న పల్లెల్లోనే ఇంతమంది పోతే, దేశం మొత్తం మీద ఎన్ని వేలమంది పోయి ఉంటారో ఆలోచించుకోమంటాడు. ఊరి నుంచి దేశానికి వెళ్ళే దారి ఇది. ముందు పదమూడు మంది, ఆ తర్వాతే వేలు.

యుద్ధం ఆ ఊళ్ళోకి కూడా ఒకసారి వచ్చింది. గాఫ్ అప్పుడు బడిపిల్లాడు. కాలిన్స్ అనే సైన్యాధికారి, రాజు పక్షం దండులోనివాడు, ఊళ్ళోకి వచ్చాడు. గుర్రానికి లాడం ఊడిపోయింది. కమ్మరి కొలిమి దగ్గర దిగి కొత్త లాడం కొట్టిస్తున్నాడు. అంతలో పార్లమెంటు పక్షం గుర్రపుదండు వచ్చి పడింది. కాలిన్స్ ఒంట్లో తూటా దిగింది. అతన్ని కమ్మరి ఇంట్లోకి మోసుకుపోయారు. ప్రాణం పోయేలా ఉంది, ప్రార్థన చేయమని పంతులుగారికి కబురు పంపారు. ఆయన వెంట ఈ పిల్లాడూ వెళ్ళాడు. గదిలో ఆ మనిషి పడక మీద పడి ఉన్నాడు, నెత్తురు నేల మీద పారుతోంది. అంతే రాశాడు గాఫ్. భయమేసిందనో, జాలేసిందనో రాయలేదు. అరవై ఏళ్ళయినా ఆ నేలా, ఆ నెత్తురూ ఆయన కంటి ముందు నుంచి పోలేదు. అది చెప్పడానికి ఆయనకు ఒక్క వాక్యం చాలింది.

ఇది యుద్ధం సంగతి. మామూలు రోజుల సంగతులు ఆయన ఇంకా బాగా చెబుతాడు.

జాన్ ఆస్టన్ అనే ఒకతను ఉండేవాడు. తెలివి తక్కువ, పని చేయడం ఇష్టం లేదు, కోళ్ళు దొంగిలించడం అలవాటు. చిన్నచిన్నవి ఊరివాళ్ళు చూసీ చూడనట్టు పోనిచ్చారు. చివరికి 24 కోళ్ళూ పుంజులూ ఎత్తుకుపోయిన నేరం మీద ష్రూస్‌బరీలో విచారణకు నిలబెట్టారు. ఆ రోజుల్లో ఇంగ్లండు చట్టం ప్రకారం దొంగసొత్తు విలువ 12 పెన్నీలు దాటితే అది ఉరిశిక్ష పడదగ్గ నేరం. దాటకపోతే చిన్న దొంగతనం. జడ్జి ముద్దాయి వాలకం చూశాడు. దొంగతనం రుజువైంది కాబట్టి నేరస్థుడని తేల్చక తప్పదు, సొత్తు విలువ ఎంతో మాత్రం మీరే ఆలోచించండి అని జూరీకి సూచించాడు. జూరీవాళ్ళు ఆలోచించి 24 కోళ్ళ విలువ 11 పెన్నీలని తేల్చారు. మీ వైపు కోళ్ళు ఇంత చవగ్గా దొరుకుతున్నందుకు సంతోషమని జడ్జి నవ్వాడట. ఆ మనిషి మెడ ఉరి నుంచి తప్పింది.

చూడండి, ఈ ఒక్క సంఘటనలో ఎంత ఉందో. చట్టం ఎంత కఠినంగా ఉండేదో ఉంది. ఆ కఠినమైన చట్టాన్ని అమలుచేసే మనుషులు దాన్ని ఎలా మెత్తబరిచేవారో ఉంది. ఒక బలహీనుడి మీద ఊరు చూపించిన దయ ఉంది. చట్టాల పుస్తకం చదివితే మనకు ఉరికంబమే కనిపిస్తుంది. గాఫ్ చదివితే పన్నెండో పెన్నీ దగ్గర ఆగిన పన్నెండుమంది మనుషులు కనిపిస్తారు.

మరొకతను రీస్ వెన్‌లాక్. పొయ్యిలోకి కట్టెలు లేక పక్కవాళ్ళ పొలం కంచె పుల్లలు పీక్కుపోయేవాడు. ఒక పాలేరు విసిగిపోయి ఎండిన కట్టెముక్క ఒకటి తీసుకుని, బరమాతో దానికి తొర్ర చేసి, అందులో తుపాకి మందు కూరి, మేకుచెక్కతో బిగించి, కంచెలో అతనికి కనబడేలా పెట్టాడు. ఆ కట్టె రీస్ ఇంటికే చేరింది. రొట్టెలు కాల్చే బట్టీలో పెట్టగానే ఢామ్మని పేలి బట్టీ పైకప్పు లేచిపోయింది, ఇంటి కొసకు నిప్పంటుకుంది. ఇందులో దొంగతనం ఉంది, దానికి తగిన శాస్తి ఉంది. దాంతో పాటు ఆ కాలపు పేదవాడి చలికాలం కూడా ఉంది. కట్టెపుల్ల కోసం దొంగ అనిపించుకోవాల్సిన చలి అది.

బాల్డర్టన్‌లో థామస్ హేవర్డ్ అని ఒకాయన. మంచి ఆస్తి ఉన్న ఇల్లు. అది చేజారిపోయింది. ఊళ్ళో అడిగితే తాగి పోగొట్టుకున్నాడు అని ఒక్క ముక్కలో చెప్పేవారు. గాఫ్ అలా అనడు. ఇంట్లో ఆయనకు మనశ్శాంతి లేదు, కడుపుకింత తిండి కోసమే సారాయి అంగడికి వెళ్ళేవాడు, అందరికీ ఇష్టమైన మనిషి కావడంతో అక్కడ మాటల్లో పడి తెమలలేకపోయేవాడు అని రాశాడు. మనిషి పడిపోయాడని చెబుతూనే, ఏ మెట్టు మీద కాలు జారిందో కూడా చూపిస్తాడు. పక్కింటివాడి పతనం గురించి అంత ఓపికగా ఆలోచించడం ఎంతమందికి చేతనవుతుంది?

ఇన్ని నిజాలు రాస్తే ఊళ్ళో ఎవరికీ కోపం రాదా అని మీకు అనిపించవచ్చు. గాఫ్‌కూ అనిపించింది. తమ పూర్వీకుల తప్పులు బయటపెట్టాడని ఎవరైనా తనను నిందిస్తే, వాళ్ళు అటువంటి తప్పు చేయకుండా జాగ్రత్తపడితే చాలునన్నాడు. పగతో ఒక్క మాటా రాయలేదన్నాడు. పుస్తకం చదివితే ఆ మాట నిజమని తెలుస్తుంది. తన బంధువుల లోపాలు కూడా అదే కలంతో, అదే సిరాతో రాశాడు.

అంతా అచ్చంగా ఇవాళ్టి పద్ధతిలోనే ఆలోచించాడని చెప్పను. ఆయన తన కాలపు మనిషి. పక్క ఊళ్ళో ఆస్తి కోసం అన్నకొడుకును నీళ్ళ కుండలో ముంచి చంపిన థామస్ ఎల్క్స్ అనేవాడి కథ చెబుతూ, పారిపోతున్న అతన్ని రెండు మాలకాకులు వెంటాడాయనీ, గడ్డివామిలో దాక్కుంటే అరిచి, గడ్డి పీకి పట్టించాయనీ రాశాడు. హంతకుణ్ణి తీసుకొచ్చి నాకిన్ బీడులో ఉరితీశారు. ఆ కాకులను దేవుడే పంపాడని గాఫ్ నమ్మాడు. మనం నమ్మనక్కర్లేదు. అయితే ఆ ప్రాంతం వాళ్ళు చలిమంట చుట్టూ కూర్చుని ఏ కథ చెప్పుకునేవారో, పాపం దాగదని ఎంత గట్టిగా నమ్మేవారో మనకు తెలిసింది. అదీ చరిత్రే.

గాఫ్ తన రాతను అచ్చు వేయించలేదు. 1723లో, 88 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. రాతప్రతి అలాగే ఉండిపోయింది. 1834లో సర్ థామస్ ఫిలిప్స్ అనే ఆయన అందులో కొంత భాగం మొదటిసారి అచ్చు వేయించాడు. పాత రాతప్రతులు సేకరించడమే జీవితంగా పెట్టుకున్న మనిషి ఆయన. పూర్తి గ్రంథంగా 1875లో ష్రూస్‌బరీలోనే వెలువడింది. అంటే రాసిన నాటి నుంచి జనం చేతికి పూర్తిగా రావడానికి 170 ఏళ్ళకు పైగా పట్టింది.

దాని అసలు విలువ తెలియడానికి ఇంకా ఆగాల్సి వచ్చింది. 20వ శతాబ్దం మధ్యలో డబ్ల్యు. జి. హాస్కిన్స్ అనే ఆచార్యుడు ఇంగ్లండులో ఊళ్ళ చరిత్రను విశ్వవిద్యాలయం చదువుగా నిలబెట్టాడు. లెస్టర్‌లో దానికోసం 1948లో ప్రత్యేక శాఖ ఏర్పడింది. పొలం గట్లు, కంచెలు, బాటలు కూడా దస్తావేజుల్లాగే చదవదగ్గవని 1955లో పుస్తకం రాసి ఒక తరాన్ని పొలాల్లోకి నడిపించిన మనిషి ఆయన. గాఫ్ గ్రంథాన్ని 1968లో తన ముందుమాటతో మళ్ళీ లోకం ముందు పెట్టింది కూడా ఆయనే.

ఆయన శాఖలోనే చదువుకున్న డేవిడ్ హే ఒక పని తలకెత్తుకున్నాడు. ముసలాయన జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మవచ్చు? అరవై ఆరేళ్ళ వయసులో, ఊరివాళ్ళు చెప్పిన మాటలు గుర్తుచేసుకుంటూ రాసింది కదా. హే చర్చి రిజిస్టర్లు తీశాడు, వీలునామాలు తీశాడు, జమీందారీ కోర్టు కాగితాలు, పన్ను లెక్కలు తీశాడు. గాఫ్ చెప్పిన ఒక్కొక్క కుటుంబాన్నీ వాటితో సరిచూశాడు. గాఫ్ జ్ఞాపకం దాదాపు అన్నిచోట్లా నిలబడింది. ఆ పరిశోధన 1974లో పుస్తకంగా వచ్చింది. 1981లో హే సంపాదకత్వంలోనే పెంగ్విన్ వాళ్ళు గాఫ్ గ్రంథాన్ని చవక ప్రతిగా వేశారు. వెనక బల్ల మీద కూర్చున్న నేతగాడూ, పాలేరూ అలా రైల్వే స్టేషన్ పుస్తకాల అంగడి దాకా వచ్చారు.

ఇదంతా వింటుంటే మన కైఫియత్తులు గుర్తొచ్చి ఉంటాయి కొందరికి. 19వ శతాబ్దం మొదట్లో కర్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ, వాళ్ళతో పనిచేసినవాళ్ళూ తెలుగునాట ఊరూరా తిరిగారు. కరణాల దగ్గరున్న దండకవిలెలు చూశారు, పెద్దలను అడిగారు, గ్రామ చరిత్రలు రాయించారు. బ్రౌన్ దొర వాటికి నకళ్ళు తీయించాడు. అవి మనకున్న పెన్నిధి. వాటిలో గుడి కట్టించిన రాజున్నాడు, చెరువు తవ్వించిన దొర ఉన్నాడు, ఇనాముల వివరం ఉంది. ఒక అధికారి అడిగితే ఊరు చెప్పిన జవాబులు అవి. అధికారి దేనికోసం అడుగుతాడో దానికే కదా ఎవరైనా జవాబు చెబుతారు. గాఫ్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. జీతం ఇవ్వలేదు, బిరుదు ఇస్తామనలేదు. తన ఊరు తనకు ముఖ్యమని రాశాడు. అందుకే అందులో కోళ్ళదొంగకూ కట్టెల దొంగకూ చోటు దొరికింది.

ఊరి చరిత్ర రాయడానికి పెద్ద పట్టా అక్కర్లేదని ఆయన జీవితం చెబుతోంది. కావలసినవి మూడే. ఒకటి, కాగితాలు చదివే ఓపిక. రెండు, ముసలివాళ్ళ దగ్గర కూర్చునే తీరిక. మూడు, అన్నిటికంటే కష్టమైనది, వరుసలో ఎవరినీ దాటి పోకుండా ఉండే నియమం. ఈ మూడోది పోతే మొదటి రెండూ ఉన్నా మిగిలేది ముందు బల్లల చరిత్రే.

తన రాతల్లో చాలా సంగతులు ఎందుకూ పనికిరానివని కొందరు అనుకోవచ్చని గాఫ్‌కు తెలుసు. అయినా ఇందులో ఉన్న ఏ ఒక్కటైనా, ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరికి అక్కరకు రావచ్చునని ఆయన నమ్మకం. మూడు వందల ఏళ్ళు దాటాక, ఆయన భాష కాని భాషలో, ఆయన ఎన్నడూ పేరు వినని ఊళ్ళలో, ఇవాళ మనం జాన్ ఆర్థర్స్ అనే పాలేరు పేరు తలుచుకున్నాం. హాప్టన్ కోటలో పోయిన ఆ మనిషికి మిగిలింది గాఫ్ రాసిన ఆ ఒక్క వాక్యమే.

శ్రోతలారా, మన ఊళ్ళలో చర్చి బల్లల పటం ఉండకపోవచ్చు. వీధి ఉంది. వీధిలో గుమ్మాలున్నాయి. ఈ రాత్రి ఒక కాగితం తీసుకోండి. మీ చిన్నప్పటి వీధి గీయండి. ఈ చివర మొదటి ఇల్లు ఎవరిది? ఆ ఇంటి పెద్దాయన ఏం పని చేసేవాడు? ఆ పక్క ఇల్లు ఎవరు అమ్ముకున్నారు, ఎందుకు అమ్ముకున్నారు, ఏ ఊరు వెళ్ళిపోయారు? మీకు తెలియకపోతే ఇంట్లో అమ్మమ్మనో, తాతయ్యనో ఈ రాత్రే అడగండి, రేపటికి వాయిదా వేయకండి. తెలియనిచోట తెలియదని రాయండి. మధ్యలో ఒక్క ఇల్లూ వదలకండి. వీధి దాటాక, ఊరి చివర విడిగా ఉన్న ఆ నాలుగు గుడిసెలు కూడా ఆ కాగితం మీద ఉండాలి. అక్కడిదాకా వెళ్ళినప్పుడే అది మీ ఊరి చరిత్ర అవుతుంది.